ఇరవై ఆరేళ్ల యానాం బాకీ

"యానాం వెళ్తున్నాం" అనేసరికి మన కాలనీలో మగవాళ్లు ముసిముసిగా నవ్వారు. "మాకూ ఓ సీసా పట్రండి, అక్కయ్యగారూ" అని ఒకాయన అననే అన్నాడు. ఆయన తప్పేం లేదు. యానాం మన గోదావరి జిల్లాల మధ్యలోనే ఉన్నా పుదుచ్చేరి కిందికి వస్తుంది. పన్నులు వేరు, మందు చవక. ఆ ఊరి పేరు చెబితే చాలామందికి మొదట గుర్తొచ్చేది అదే. మా ఆయన మాత్రం నవ్వి, "నాకు కావాల్సిన మందు ఇరవై ఆరేళ్ల కిందటే పుచ్చుకున్నానయ్యా. బాకీ ఉండిపోయింది, కట్టడానికి వెళ్తున్నాం" అన్నారు.

ఆ బాకీ సంగతి మన పత్రికకి రాయమని మా అమ్మాయి పోరు పెట్టింది. మనందరి ఇళ్లలోనూ ఇలాంటిది ఒకటి ఉంటుంది కదా అని రాస్తున్నాను.

మా ఆయన 1986లో మిల్లులో చేరారు. పన్నెండేళ్లు కార్డింగ్‌లోనే చేశారు. బేళ్లు విప్పే బ్లో రూమ్‌లోనూ, కార్డింగ్‌లోనూ దుమ్ము ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. షిఫ్టు దిగి వస్తే కనురెప్పల మీద కూడా తెల్లటి నూగు. తలకి గుడ్డ కట్టుకుని వెళ్లేవారు గానీ ముక్కుకి ఏమీ కట్టుకునేవారు కాదు. ఊపిరాడదని విసుగు. దానికి తోడు బీడీ ఒకటి.

మొదట్లో జబ్బు జబ్బులా కనపడలేదు. వారం సెలవు రోజు హాయిగా ఉండేవారు. మర్నాడు డ్యూటీకి వెళ్తే మాత్రం సాయంత్రానికి గుండెల మీద బండ పెట్టినట్టుందనేవారు. ఆ పక్క రోజుకి కాస్త నయం. మళ్లీ సెలవు, మళ్లీ మర్నాడు అదే బిగింపు. నేను బద్ధకం అనుకున్నాను. "సెలవు మర్నాడు అందరికీ ఉండే జబ్బే మీకూ వచ్చింది" అని వేళాకోళం ఆడాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పత్తి దుమ్ము వల్ల ఊపిరితిత్తులకి వచ్చే ఆ జబ్బుకి బిస్సినోసిస్ అని పేరుందనీ, సెలవు మర్నాడు ఛాతీ పట్టేయడమే దాని మొదటి గుర్తనీ డాక్టరుగారు చెప్పేదాకా నాకేం తెలుసు! ఈఎస్ఐ చట్టంలో పని వల్ల వచ్చే జబ్బుల జాబితాలో దాని పేరు రాసే ఉంది. మా ఇంట్లో ఎవరికీ తెలీలేదు, అంతే.

1998 నవంబరులో ఒక రాత్రి ఆయన పడుకోలేకపోయారు. మంచం మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ఒక్కో ఊపిరినీ బావిలోంచి చేదతో తోడినట్టు తోడుకున్నారు. మా అత్తగారు గోడకి ఆనుకుని మోకాళ్ల మీదే ఉండిపోయింది. తెల్లారి ఆస్పత్రిలో చేర్చాం. రెండో రోజు ఆవిడ నా చెయ్యి పట్టుకుని అంది: "అమ్మాయ్, వీడు లేచి తిరిగితే యానాంలో అన్నమ్మగారి గుడికి తీసుకెళ్లి దేవుడికి కృతజ్ఞత చెప్తానని మొక్కుకున్నాను. నేను మర్చిపోతే నువ్వు గుర్తు చెయ్యి."

ఆవిడ పుట్టిల్లు యానాం. పుట్టింట్లో వాళ్లు కేథలిక్కులు. మా వాళ్లు బాప్టిస్టులు. పెళ్లయిన దగ్గర్నుంచీ మా సంఘానికే వచ్చేది గానీ, చిన్నప్పుడు తను కూర్చున్న ఆ గుడి ఆవిడ మనసులోంచి ఎప్పుడూ పోలేదు.

ఆయన లేచారు. మూడు వారాలకి ఇంటికొచ్చారు. బీడీ మానేశారు. డాక్టరు రాసిచ్చిన కాగితం పట్టుకుని యూనియన్ వాళ్లు తిరిగితే కార్డింగ్ నుంచి ప్యాకింగ్‌కి మార్చారు. నెమ్మదిగా ఊపిరి కుదుటపడింది. ఇక యానాం? పిల్లల ఫీజులు, ఆడబిడ్డ పెళ్లి, ఓవర్ టైమ్. "వచ్చే నెల వెళ్దాం అత్తయ్యా" అనడం, వచ్చే నెల రావడం, పోవడం. పైగా మా సంఘంలో పునీతులకి మొక్కడం ఉండదు. ఆ మాట కూడా ఒక సాకయింది. ఆవిడ పదిసార్లు అడిగి, ఆ తర్వాత అడగడం మానేసింది. 2009లో ఆవిడ వెళ్లిపోయింది. మొక్కు మా మీద పడింది.

ఇందులో ఇంకో ఇంటి కథ కూడా ఉంది. మా పక్క క్వార్టర్ అన్నయ్యగారిదీ అదే డిపార్టుమెంటు, అదే ఆయాసం. ఆ చలికాలం మంగళవారం గృహకూడికల్లో రెండిళ్ల పేర్లూ కలిపే ప్రార్థించేవాళ్లం. ఒకే చాప మీద మోకరించాం నేనూ, ఆ వదినా. మా ఆయన ప్యాకింగ్‌లో చేరిన నెలలోనే అన్నయ్యగారు పోయారు. ఆ తర్వాత వదిన కుట్టుమిషను మీద ఇద్దరు పిల్లల్ని పెంచింది. ఆవిడ ముందు "దేవుడు మా ఆయన్ని బాగుచేశాడు" అని సాక్ష్యం చెప్పడానికి నాకు నోరొచ్చేది కాదు. నిజం చెప్పాలంటే మేం యానాం వెళ్లకపోవడానికి ఇదీ ఒక కారణమే. మనకి దొరికి పక్కవాళ్లకి దొరకనిదాన్ని పట్టుకుని కృతజ్ఞత ఎలా చెప్పడం?

మొన్న ఆగస్టులో మేం బయలుదేరుతున్నామని తెలిసి ఆవిడే వచ్చింది. "నేనూ వస్తాను వదినా. అత్తయ్యగారు నాక్కూడా చెప్పారు ఆ గుడి గురించి" అంది. కాదనలేకపోయాను. రమ్మనడానికీ భయమేసింది.

రావులపాలెంలో బస్సు మారి కోనసీమలో పడ్డాం. కొత్తపేట, అమలాపురం, ముమ్మిడివరం. రోడ్డుకి రెండు పక్కలా కొబ్బరితోటలు, కాలవలు, అరుగుల మీద కూర్చున్న ముసలాళ్లు. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను రోజులు మీలో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటాయి. కాకినాడకి దక్షిణంగా తీరం దాటి, వెయ్యిమందికి పైగా పొట్టన పెట్టుకుంది. ఈ తోటల్లో చెట్లు మొవ్వులు విరిగి, కూకటివేళ్లతో లేచి పడిపోయాయి. ఇప్పుడు చూస్తే ఆ జాడే లేదు. అప్పుడు నాటిన మొక్కలు గెలలేసి నిలబడ్డాయి. చెట్టు పెరిగేటప్పుడు ఎవరూ పక్కన నుంచుని చూడరు. ఎప్పుడో ఇలా బస్సులో వెళ్తూ తలెత్తితే కనిపిస్తుంది.

ఎదుర్లంక దగ్గర గౌతమి గోదావరి. మా అత్తగారి చిన్నతనంలో ఇక్కడ పడవ మీద దాటేవారట. గాలి ఎదురుతిరిగితే పిల్లలంతా తల్లుల కొంగుల్లో దూరి కళ్లు మూసుకునేవారట. ఇప్పుడు పెద్ద వారధి ఉంది. 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన లోక్‌సభ స్పీకరు బాలయోగిగారి పేరు పెట్టారు. కింద నీళ్లు ఎర్రగా, నిండుగా ఉన్నాయి. మా ఆయన కిటికీలోంచి చూస్తూ, "అమ్మ ఈ బ్రిడ్జి ఎక్కనే లేదు కదే" అన్నారు. నేను మాట్లాడలేదు. వారధి కట్టాక కూడా ఏడేళ్లు బతికింది ఆవిడ.

వారధి దిగితే యానాం. దూరం నుంచే 100 మీటర్లకు పైగా ఎత్తున్న టవర్ కనపడుతుంది. బళ్ల నెంబర్లు పీవై అని మారతాయి. వరసగా మందు షాపులు. "సీసా తీసుకోమంటారా?" అని వదిన మా ఆయన్ని ఆటపట్టించింది. ఆ రోజు ఆవిడ నవ్వడం అదే మొదటిసారి.

ఊరు చిన్నదే, మొత్తం కలిపి 30 చదరపు కిలోమీటర్లు. కానీ చరిత్ర పెద్దది. మన బట్టల పనివాళ్లకి ఈ ఊరితో చుట్టరికం కూడా ఉంది. 18వ శతాబ్దంలో ఫ్రెంచివాళ్లు ఇక్కడ దిగింది బట్టల వ్యాపారం కోసమే. కూతవేటు దూరంలో ఇంజరం, నీలపల్లిలో ఇంగ్లీషువాళ్ల కోఠీలుండేవి. చుట్టుపక్కల నేతగాళ్లు నేసిన బట్ట ఈ రేవుల నుంచి ఓడలెక్కి దేశాలు పోయేది. చుట్టూ ఇంగ్లీషు పాలన ఉన్నా ఈ ముక్క మాత్రం ఫ్రెంచివాళ్ల చేతిలోనే ఉంది. శారదా చట్టం ఇక్కడ చెల్లదు కాబట్టి చుట్టుపక్కలవాళ్లు బాల్యవివాహాలు చెయ్యడానికి ఇక్కడికి వచ్చేవారట. అందుకే కల్యాణపురం అని ఇంకో పేరు. మనకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడేళ్లకి, 1954 జూన్ 13న, యానాం ఫ్రెంచివాళ్ల నుంచి విడుదలైంది. చట్టప్రకారం మన దేశంలో కలిసింది 1962 ఆగస్టు 16న. రాజధాని పుదుచ్చేరి 800 కిలోమీటర్లకు పైగా దూరం. మాట మాత్రం మన మాటే.

పునీత అన్నమ్మ గుడి ఫ్రెంచివాళ్ల హయాంలో, 19వ శతాబ్దంలో కట్టింది. ఆటో అబ్బాయి "తెల్లోళ్ల గుడికా?" అని అడిగాడు. అన్నమ్మ అంటే మరియమ్మగారి తల్లి, యేసుప్రభువుకి అమ్మమ్మ. బైబిల్లో ఆవిడ పేరు ఎక్కడా లేదు. పాతకాలం నుంచి క్రైస్తవులు చెప్పుకుంటూ వచ్చిన పేరు. అన్న అనే హెబ్రీ మాటకి కృప అని అర్థం. మా అత్తగారు అన్నమ్మని ఎందుకంత ప్రేమించేదో నాకు అక్కడ కూర్చున్నాక కొంచెం అర్థమైంది. పెద్ద అద్భుతాలేవీ ఆవిడ పేరున లేవు. కూతుర్ని పెంచింది, అంతే. మన ఇళ్లలో అమ్మమ్మల్లాగే.

మేం వెళ్లేసరికి మధ్యాహ్నం. పూజ లేదు, జనం లేరు. ఒక ముసలావిడ గుమ్మం దగ్గర చీపురు పెట్టుకుని కూర్చుంది. లోపల చల్లగా ఉంది. ఊళ్లో మోటారు సైకిళ్ల చప్పుడు గోడ అవతలే ఆగిపోయినట్టుంది. మేం ముగ్గురం ఒక బల్ల మీద కూర్చున్నాం. ఏం చెయ్యాలో మా ముగ్గురికీ తెలీలేదు. ఇరవై ఆరేళ్లు మోసుకొచ్చిన మాట తీరా అక్కడికి వెళ్లాక గొంతులో ఇరుక్కుంది.

మా ఆయన చిన్న బైబిలు తీసి లూకా సువార్తలో పదిమంది కుష్ఠరోగుల కథ చదివారు. మీకు తెలిసిన కథే. సమరయ, గలిలయల మధ్య ఒక ఊరి దగ్గర పదిమంది దూరంగా నిలబడి ప్రభువుని పిలుస్తారు. వెళ్లి యాజకులకి కనపడమంటాడాయన. పదిమందికీ నయమవుతుంది. ఒక్కడే వెనక్కి తిరిగొచ్చి ఆయన పాదాల దగ్గర పడతాడు. వాడూ పరాయివాడు, సమరయుడు. మిగతా తొమ్మిదిమంది ఏరని అడుగుతాడు ప్రభువు.

ఈ కథ మీద నేను విన్న ప్రసంగాలకి లెక్కలేదు. అన్నిట్లోనూ ఆ తొమ్మిదిమందికి చీవాట్లే. ఆ రోజు మాత్రం ఇంకో సంగతి నా చెవిన పడింది. వాళ్లు మొరపెట్టుకున్నచోట నిలబడి ఉండగా నయం కాలేదు. దారిలో, నడుస్తూ ఉండగా నయమైంది. ఏ అడుగు దగ్గర నయమైందో ఎవరికి తెలుసు? చెయ్యి చూసుకున్నవాడికే తెలుస్తుంది. ఆ ఒక్కడూ చూసుకున్నాడు. తొమ్మిదిమంది చెడ్డవాళ్లు కాకపోవచ్చు. వాళ్లకి ఇళ్లున్నాయి, ఎన్నాళ్లుగానో ఎత్తుకోని పిల్లలున్నారు, నిలిచిపోయిన పనులున్నాయి. మాలాగే. "వచ్చే నెల వెళ్దాం" అనుకుని ఉంటారు.

మా ఆయనకి నయమైంది కూడా అలాగే కదా. ప్రార్థన చేసిన రాత్రి ఏమీ జరగలేదు. ఆ రాత్రి ఇంకా ఎక్కువైంది. ఆస్పత్రికి రిక్షా తొక్కినవాడు, సైలెన్ మార్చిన నర్సమ్మ, పేరు పెట్టి జబ్బుని గుర్తుపట్టిన డాక్టరు, డిపార్టుమెంటు మార్పించడానికి ఆఫీసు చుట్టూ తిరిగిన యూనియన్ పెద్దాయన, బీడీ అడిగితే ఇవ్వనన్న కిళ్లీకొట్టు అబ్బాయి. ఈ దారంతా నడిచాక నయమైంది. ఇందులో దేవుడు ఎక్కడున్నాడంటే వేలు పెట్టి ఒకచోట చూపించలేను. ఎక్కడ లేడో కూడా చూపించలేను.

ఇదంతా మనసులో అనుకుంటున్నాను గానీ, పక్కన వదిన ఉంది. ఆవిడ వైపు చూడ్డానికి ధైర్యం చాల్లేదు. కాసేపటికి ఆవిడే లేచి వెళ్లి ఒక కొవ్వొత్తి వెలిగించి వచ్చి కూర్చుంది.

"దేనికి వదినా?" అని అడిగేశాను. అడిగాక నాలిక్కరుచుకున్నాను.

"థాంక్స్ చెప్దామని."

నేను ఊరుకున్నాను. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ మా ఆయన వైపు తిరిగి అంది: "అన్నయ్యగారూ, మా ఆయన ఆఖరి రాత్రి మీరు వచ్చి కూర్చున్నారు, గుర్తుందా? మీకే సరిగ్గా ఊపిరాడని రోజులవి. తలగడాలు ఎత్తు పెట్టి, వీపు నిమురుతా, చెంచాతో నీళ్లు పట్టారు తెల్లారేదాకా. నేను పిల్లల దగ్గర కాసేపు నడుం వాల్చాను. పొద్దున ఆయన నాతో ఒక మాట అన్నారు. 'భయం పోయిందే' అని. ఊపిరి రాలేదు. భయం పోయింది. అప్పుడు నేను దేవుణ్ణి తిట్టుకుంటున్నాను గాబట్టి ఆ మాట పట్టించుకోలేదు. చాలా ఏళ్లకి గుర్తొచ్చింది. చచ్చిపోయే మనిషికి భయం పోవడమంటే చిన్నదా? అది ఎవరిస్తారు? అందుకని."

మా ఆయన తల వంచుకున్నారు. ఆయనకి ఆ రాత్రి గుర్తుంది గానీ ఆ మాట తెలీదు. ఇరవై ఆరేళ్లుగా తెలీదు. పొందింది మేమనీ, పోగొట్టుకుంది ఆవిడనీ లెక్కలేసుకుని నేను ఇన్నాళ్లూ తప్పుకు తిరిగాను. ఆవిడ లెక్క వేరేగా ఉంది.

ఆవిడ కష్టాన్ని తక్కువచేసి చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆ పిల్లలకి తండ్రి లేకపోవడం లేకపోవడమే. బయటికొచ్చాక ఆవిడే అంది, "బతికుంటే ఇంకా బాగుండేది వదినా, అది వేరే సంగతి" అని. దేవుడు స్వస్థపరుస్తాడంటే జబ్బు పోగొడతాడనే ఇన్నాళ్లూ నేననుకున్నది. జబ్బు పోవడం అందులో ఒక భాగం. ఒక్కోసారి ఆ భాగం దొరకదు. కానీ ఆయన ఆ గదిలోకి రావడం మానడు. ఆ రాత్రి ఆయాసపడుతున్న ఇంకో కార్మికుడి చేతుల్లో వచ్చాడు. చూసుకున్నవాళ్లకి తెలిసింది.

సాయంత్రం నది ఒడ్డున కూర్చున్నాం. యానాంలో గోదావరి ఒడ్డు అందంగా కట్టారు. గట్టు వెంబడి విగ్రహాలు, చెట్లు, కూర్చోడానికి బల్లలు. క్రీస్తు విగ్రహం కూడా పెద్దది ఉంది. సముద్రం ఇంకా కొన్ని మైళ్ల దూరంలో ఉన్నా ఆటుపోట్లు ఇక్కడిదాకా తెలుస్తాయి. నది లోపలికి పీల్చుకుని బయటికి వదులుతున్నట్టుంటుంది. ఒక పడవాయన మాతో కబుర్లు పెట్టుకున్నాడు. పులసలు పడుతున్నాయా అని మా ఆయన అడిగారు. పుస్తెలమ్మి అయినా తినాలంటారే, ఆ చేప. సముద్రంలో ఉన్నంతకాలం దానికి అంత విలువ లేదు. వరదనీటికి ఎదురీది గోదావరిలోకి వస్తేనే పులస. "ఎదురొచ్చిన చేపకేనండి ఆ రుచి" అన్నాడు పడవాయన. ధర విని మా ఆయన దణ్ణం పెట్టేశారు.

2022 జులై వరద సంగతి కూడా ఆయనే చెప్పాడు. భద్రాచలం దగ్గర గోదావరి 70 అడుగులు దాటిన ఏడు అది. యానాం వీధుల్లోకి నీళ్లొచ్చాయి. ఇళ్లలోని సామాను తడిసి, జనం డాబాల మీద తలదాచుకున్నారు. "ఎవరి పడవ ఎవరిదో చూసుకోలేదండి. దొరికినోళ్లని దొరికినట్టు ఎక్కించేశాం" అన్నాడు.

ఈ ఊరికి ఇంకో గాయం ఉంది. మనలాంటి కుటుంబాలవాళ్లు మర్చిపోకూడనిది. 2012 జనవరిలో ఇక్కడి టైల్స్ ఫ్యాక్టరీలో గొడవ ముదిరి, ఒక కార్మిక నాయకుడూ, కంపెనీ పెద్ద అధికారి ఒకాయనా ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఫ్యాక్టరీ ఏళ్ల తరబడి మూతపడింది. వందల ఇళ్లలో జీతాలు ఆగిపోయాయి. ఆ రెండిళ్లలోనూ ఆడవాళ్లు ఎలా గడిపారో అని వదినా నేనూ చాలాసేపు అనుకున్నాం. ఎవరిది న్యాయం అనే మాట నేను తేల్చలేను. అటూ ఇటూ ఒక్కో కుర్చీ ఖాళీ అయింది. అలాంటి గాయం ఒక్క రోజులో మానదు. గాయపడ్డవాళ్ల పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి.

మర్నాడు పొద్దున్నే ద్రాక్షారామం, రామచంద్రపురం మీదుగా రాజమండ్రి బస్సెక్కాం. రామచంద్రపురం వచ్చినప్పుడు మా ఆయన చూపించారు: కెనడా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనువాళ్లు కుష్ఠురోగుల కోసం ఆశ్రమం నడిపిన ఊరు ఇదేనని. ఊరి బయట దూరంగా నిలబడమన్న మనుషుల్ని పిలిచి, పుళ్లు కడిగి, కట్లు కట్టారు. అప్పటికి ఆ జబ్బుకి సరైన మందే లేదు. నయం చెయ్యలేమని తెలిసీ కడిగారు. ఆ తర్వాత 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి ఇచ్చే వైద్యాన్ని సిఫారసు చేసింది. ఈ రోజు కుష్ఠు పూర్తిగా నయమయ్యే జబ్బు, మందులు ఉచితం. గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి పెట్టిన డాక్టరమ్మ పేరు కూడా అన్నానే. అన్నా కుగ్లర్. 1883లో అమెరికా నుంచి వచ్చి, 1898లో ఆసుపత్రి తెరిచి, 1930లో ఆ ఊళ్లోనే కన్నుమూసింది. మందు వేరు, ప్రార్థన వేరు అని ఆవిడ అనుకుని ఉంటే అంత దూరం వచ్చేదా?

అందుకే ఈ పత్రిక చదివే మన కుటుంబాలకి ఒక మాట. సెలవు మర్నాడు మీ ఇంట్లోవాళ్లు ఛాతీ బిగిసిందంటే నాలా వేళాకోళం ఆడకండి. ఈఎస్ఐ డాక్టరుకి చూపించండి. ఏ డిపార్టుమెంటులో ఎన్నేళ్లు చేశారో డాక్టరుకి చెప్పండి. మాస్కు పెట్టుకోమని పోరు పెట్టండి, బీడీ మాన్పించండి. ప్రార్థన చెయ్యండి. చేసి, నడవండి. ఆ పదిమందీ నడిచారు కాబట్టే దారిలో నయమైంది.

బస్సులో వదిన నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. మా ఆయన ముందు సీట్లో. మెట్లెక్కితే ఇప్పటికీ ఆయాసం వస్తుంది ఆయనకి. జేబులో ఎప్పుడూ ఇన్‌హేలర్ ఉంటుంది. పోయిన ఊపిరి అంతా తిరిగి రాలేదు, రాదని డాక్టరు అప్పుడే చెప్పారు. ఉన్నదానితో పిల్లల్ని చదివించారు, 2022లో రిటైరయ్యారు, మనవరాలిని సైకిలు మీద తిప్పారు.

"బాకీ తీరిందా?" అని అడిగాను దిగేటప్పుడు.

"ఇది తీరే బాకీ కాదే" అన్నారు. "వచ్చే ఏడు చెల్లెమ్మ పిల్లల్ని కూడా తీసుకెళ్దాం."

ఆ రాత్రి ఇంట్లో దీపం తీసేశాక ఆయన ఊపిరి వింటూ పడుకున్నాను. 1998 నుంచీ అది నాకు అలవాటు. కానీ ఇన్నేళ్లూ ఆగిపోతుందేమోనని భయంతో విన్నాను. మొన్న మొదటిసారి వస్తోంది కదా అని విన్నాను.